పొడి పనిచేయని పిల్ల

కొత్తగా కోచ్ ఉద్యోగంలో చేరినవాళ్ళు మా ఇంటికి వస్తే, కాఫీ గ్లాసు కింద పెట్టేలోపే ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. "సార్, పిల్లలకు క్రియేటిన్ ఇవ్వొచ్చా?" నేను అవుననీ చెప్పను, కాదనీ చెప్పను. "ముందు ఆ పిల్ల ఏం తింటుందో కనుక్కుని రా, అప్పుడు మాట్లాడదాం" అంటాను. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుతారు. పెద్దాయనకు చాదస్తం ముదిరిందని అనుకుంటారు కాబోలు. అనుకోనివ్వండి. ఆ చాదస్తం నాకు ఉద్యోగం చివరి రోజుల్లో, ఒక పందొమ్మిదేళ్ళ పిల్ల ఎదుట తల దించుకున్నాక వచ్చింది. ఈ సంగతి రాయాలని ఎప్పటి నుంచో అనుకుంటూ, మెడల్స్ తెచ్చిన కథలన్నీ ముందు రాసేసి, దీన్ని వెనక్కి నెడుతూ వచ్చాను.

నేను విజయవాడలో దాదాపు ముప్పై ఏళ్ళు వెయిట్ లిఫ్టింగ్ కోచ్‌గా పనిచేశాను. ఆఖరి నాలుగేళ్ళు ఆడపిల్లల స్పోర్ట్స్ హాస్టల్లో. పన్నెండు మంది పిల్లలు, అందరూ డిగ్రీ చదివేవాళ్ళు. పాత రేకుల షెడ్డు, రెండు ప్లాట్‌ఫాంలు, గోడకు ఆంజనేయస్వామి పటం, మూలన నా బల్ల. మే నెలలో ఆ రేకుల కింద బరువులెత్తే ఇనుప బార్ పట్టుకుంటే అరచేయి చుర్రుమనేది. మాది చల్లపల్లి దగ్గర రైతు కుటుంబం. బస్తాలు మోసేవాళ్ళను చూసి పెరిగినవాణ్ణి కాబట్టి బరువు గురించి నాకు తెలియనిది లేదని ఒక నమ్మకం ఉండేది. కోపం కూడా ఉండేది. పిల్లలు నన్ను చూసి భయపడేవాళ్ళు, నేను దాన్ని గౌరవం అనుకునేవాణ్ణి.

మా దగ్గర పిల్లల్ని పేరుతో కాక ఊరితో పిలవడం అలవాటు. ఆ అలవాటు ప్రకారమే ఇక్కడ ఇద్దరి గురించి చెబుతాను. ఒకరు దివిసీమ పిల్ల, ఇంకొకరు విజయవాడలోనే పాతబస్తీ అయిన వన్ టౌన్ పిల్ల.

దివిసీమ పిల్ల వాళ్ళది సముద్రం మీద బతికే కుటుంబం. నాన్న వేటకు వెళ్తాడు, అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరుగుతుంది. ఈ పిల్ల మాట తక్కువ, చూపు సూటి. నేను తిడితే తల వంచుకోదు, ఎదురు చెప్పదు, నా కళ్ళలోకి చూస్తూ నిలబడుతుంది. అది నాకు పొగరులా కనిపించేది. బార్ దగ్గరికి వెళ్ళిందంటే మాత్రం చూడాల్సిందే. పట్టు జారకుండా చేతులకు చాక్ పొడి రాసుకుని, రెండుసార్లు ఊపిరి తీసుకుని వంగిందంటే, ఇక ఆ షెడ్డులో ఆమె, ఆ ఇనుము తప్ప ఇంకెవరూ లేనట్టే ఉండేది. బార్‌ను నేల మీంచి ఒకే ఊపులో తల మీదికి ఎత్తే స్నాచ్‌ను అంత తేటగా చేసే పిల్లను నా సర్వీసులో ఇద్దరు ముగ్గురిని మించి చూడలేదు.

వన్ టౌన్ పిల్ల దానికి పూర్తిగా వేరు. వాళ్ళ నాన్నకు పప్పుల హోల్‌సేల్ కొట్టు ఉంది. ఇంట్లో మాంసం సంగతి అటుంచి, గుడ్డు కూడా గుమ్మం దాటదు. వాగుడుకాయ. ప్రతిదానికీ నోట్‌బుక్కులో రాసుకుంటుంది. ఎత్తిన బరువు, పడుకున్న టైము, తాగిన నీళ్ళు, నేను తిట్టిన తిట్లు కూడా రాసుకుంటుందని మిగతా పిల్లలు అనేవారు. వీళ్ళిద్దరూ హాస్టల్లో ఒకే గది. ఒంటి బరువును బట్టి ఇద్దరిదీ యాభై అయిదు కేజీల విభాగమే. రాష్ట్ర పోటీలకు వెళ్ళే మా టీంలో ఆ విభాగానికి చోటు ఒక్కటే. టీంలో లేని పిల్లకు మరుసటి ఏడాది హాస్టల్ సీటు ఉంటుందన్న భరోసా లేదు. వన్ టౌన్ పిల్లకు సీటు పోతే ఆటో ఎక్కి ఇంటికి వెళ్ళి, మర్నాడు మళ్ళీ ప్రాక్టీసుకు రాగలదు. దివిసీమ పిల్లకు సీటు పోతే చదువూ, బార్ రెండూ పోయినట్టే.

ఇక పొడి సంగతి. నా పాత శిష్యుడొకడు బందరు రోడ్డులో జిమ్ సరుకులు అమ్మే కొట్టు పెట్టాడు. ఒకరోజు సీలు తీయని డబ్బాలు కొన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టి, "క్రియేటిన్ సార్, మన పిల్లలకు వాడండి" అన్నాడు. నేను వాణ్ణి దాదాపు కొట్టబోయాను. డబ్బాలో వచ్చే పొడి ఏదైనా సరే నాకు స్టెరాయిడ్ కిందే లెక్క. మందు తిని మెడల్ తెచ్చి, ఆ తర్వాత పరీక్షలో దొరికి, ఊళ్ళో మొహం చూపించలేకపోయిన ఒక మంచి లిఫ్టర్‌ను వయసులో ఉన్నప్పుడు దగ్గరగా చూశాను. ఆ భయం నన్ను వదల్లేదు.

అయినా ఆ డబ్బాలు తీసుకుని పక్క కాంపౌండ్‌లో ఉన్న కాలేజీకి వెళ్ళాను. అక్కడ బయోకెమిస్ట్రీ చెప్పే మేడమ్ ఒకావిడ ఉండేవారు. నాకన్నా రెండేళ్ళు పెద్ద, నాలుక నాకన్నా పదును. ఆవిడ డబ్బా మీద ఉన్నదంతా చదివి, నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పారు. అది నిషేధించిన మందు కాదని, మన ఒంట్లో అదే కొంత తయారవుతుందని, కొంత తిండిలోంచి వస్తుందని, కొన్ని సెకన్ల పాటు పూర్తి బలం పెట్టే పనికి కండ వాడుకునే ఇంధనాన్ని అది త్వరగా తిరిగి అందిస్తుందని చెప్పారు. "బార్ మాత్రం పొడి ఎత్తదండోయ్. మూడు సార్లు ఎత్తే పిల్ల నాలుగోసారి ఎత్తగలుగుతుంది. ఆ నాలుగోది రోజూ చేస్తే కొన్నాళ్ళకు బలం వస్తుంది. అంతే దాని గొప్ప" అన్నారు. ముందు అందరికీ రక్తపరీక్ష చేయించమని, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళకు ఇవ్వొద్దని, చెంచా కొలత దాటొద్దని, నీళ్ళు బాగా తాగించమని కూడా చెప్పారు. ఇంకా ఏదో చెబుతున్నారు గానీ, నిషేధం లేదన్న మాట చెవిన పడ్డాక మిగతాది నేను సరిగ్గా వినలేదు. వినకుండా తల ఊపడం నాకు బాగా వచ్చు.

పరీక్షలు చేయించాను. అన్నీ బాగున్నాయి. ఇష్టమున్నవాళ్ళే తీసుకోండని అడిగితే ఆరుగురు ముందుకు వచ్చారు. ఈ ఇద్దరూ అందులో ఉన్నారు.

సరిగ్గా ఆ వారమే హాస్టల్ వార్డెన్ గారు నా షెడ్డుకు వచ్చారు. ఆవిడ ముక్కుకు చీర కొంగు అడ్డం పెట్టుకుని రావడం చూసే నాకు విషయం అర్థమైంది. దివిసీమ పిల్ల మంచం కింద ఎండు మెత్తళ్ళ డబ్బా ఉంది. అది కాక, వారానికి రెండుమూడు సార్లు వాళ్ళమ్మ అవనిగడ్డ బస్సులో క్యారేజీ పంపుతుంది. ఒకసారి చేపల పులుసు, ఒకసారి వేపుడు. ఈ పిల్ల పొద్దున అన్నంలోకి కూడా అదే తింటుంది. "వరండా అంతా అదే వాసనండీ. పక్క గదుల పిల్లలు గోల చేస్తున్నారు. మీరు చెప్తారా, నన్ను రాతపూర్వకంగా ఇమ్మంటారా?" అన్నారు వార్డెన్ గారు. తమాషా ఏమిటంటే, అదే గదిలో ఉండే, గుడ్డు వాసన కూడా ఎరగని వన్ టౌన్ పిల్ల ఒక్కరోజు కూడా ఫిర్యాదు చేయలేదు.

నేను దివిసీమ పిల్లను పిలిచాను. "ఇక నుంచి ఇంటి నుంచి చేపలు తెప్పించడం మానెయ్. మెస్సులో పెట్టింది తిను. నీకు కావాల్సిన బలం అంతా ఇదిగో, ఇందులో ఉంది" అని పొడి డబ్బా చేతిలో పెట్టాను. ఆ పిల్ల డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది. "చేపలు మానాలాండి?" అని ఒక్క మాట అడిగింది. "మానాలి" అన్నాను. సరేనంది. ఏదో గొప్ప సమస్యను ఒకే దెబ్బతో తేల్చేశానని ఆ రోజు నాకు మహా సంతోషం.

నాలుగైదు వారాలు గడిచాయి. వన్ టౌన్ పిల్లను చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. తొంభై కేజీలు భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్ మూడు సార్లకు ఆగిపోయే పిల్ల అయిదు సార్లు చేస్తోంది. సెట్టుకూ సెట్టుకూ మధ్య అంతగా రొప్పడం లేదు. ఒంటి బరువు కూడా కేజీన్నర పెరిగింది. కండలోకి నీళ్ళు చేరతాయని మేడమ్ ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. బార్ మీద పెరిగిన బలం అబద్ధం కాదు. అన్నేళ్ళు తిట్టుకున్న ఆ తెల్ల పొడికి మనసులోనే దండం పెట్టుకున్నాను. ఇది విని, మా అథ్లెటిక్స్ కోచ్ తన పదివేల మీటర్ల కుర్రాడికి కూడా అడగకుండా ఇచ్చేశాడు. వాడు వారం తిరక్కుండానే వచ్చి, "సార్, ఒళ్ళు బరువెక్కింది, టైము మాత్రం రాట్లేదు, నాకొద్దు" అని డబ్బా తిరిగి ఇచ్చేశాడు. ఆ పరుగుకు ఆ పొడితో పెద్దగా పని లేదని మాకు అప్పుడు తెలిసింది.

దివిసీమ పిల్ల మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. ఒంటి బరువు మారలేదు. స్క్వాట్ మారలేదు. బార్‌ను ముందు భుజాల మీదికి, అక్కడి నుంచి తల మీదికి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్ ఎనభై మూడు కేజీల దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోయింది. ఒకే డబ్బా, ఒకే చెంచా, ఒకే ప్రాక్టీసు. ఒకళ్ళకు పనిచేసి ఇంకొకళ్ళకు ఎందుకు పనిచేయదు? నాకు తోచిన జవాబు ఒక్కటే. ఈ పిల్ల పొడి తాగడం లేదు.

అలా ఒకసారి అనుకున్నాక ఇక ప్రతిదీ దానికి సాక్ష్యంగానే కనిపించింది. ఆ మధ్య రెండు రోజులు ఊరికి వెళ్తూ డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్ళింది. వాళ్ళ తమ్ముడు కబడ్డీ ఆడతాడని ఎవరో అన్నారు. ఇంకేం, తమ్ముడికి ఇస్తోందని నిర్ణయించేసుకున్నాను. నా కళ్ళ ముందు వారం రోజులు తాగించి చూస్తే తేలిపోయేది. అంత చిన్న పని నాకు తోచలేదు.

ఒక మంగళవారం సాయంత్రం, ప్రాక్టీసు అయ్యాక, పిల్లలంతా ఆంజనేయస్వామి పటం ముందు కర్పూరం వెలిగించి దండం పెట్టుకుంటున్నారు. అది మా షెడ్డులో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. నేను దివిసీమ పిల్లను ముందుకు పిలిచాను.

"పొడి రోజూ తాగుతున్నావా?"

"తాగుతున్నానండి."

"మీ తమ్ముడికి ఇస్తున్నావని నాకు తెలుసు."

"లేదండి. ఊరెళ్ళినప్పుడు రోజు తప్పకూడదన్నారు కదాండి మీరు. అందుకే తీసుకెళ్ళా."

"అయితే ఆ కర్పూరం చేత్తో ఆర్పి, స్వామి ముందు చెప్పు."

మా వైపు కర్పూరం ఆర్పి చెప్పమనడమంటే దొంగతనం మోపినట్టే. పదకొండు మంది పిల్లల ఎదుట ఆ మాట అన్నాను. ఆ పిల్ల ఎప్పట్లాగే నా కళ్ళలోకి చూసింది.

"నేను చెప్తే నమ్మని మీకు దేవుడితో చెప్పించాలాండి? ఆర్పను. తాగానని చెప్పా. అంతే."

"ఆర్పకపోతే తాగనట్టే" అన్నాను.

"మీ ఇష్టమండి" అని, బూట్లు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది.

ఎదురు తిరిగిందన్న కోపం ఒకటి, నిజం బయటపడిందన్న గర్వం ఒకటి. మర్నాడు పొద్దున్నే కూర్చుని జిల్లా ఆఫీసుకు ఉత్తరం రాశాను. ఫలానా గ్రామానికి చెందిన క్రీడాకారిణి ఇచ్చిన పోషక పదార్థాలను బయటికి పంపుతోంది, క్రమశిక్షణ లేదు, వచ్చే ఏడాదికి హాస్టల్ సీటు కొనసాగించవద్దు. టీం జాబితాలో వన్ టౌన్ పిల్ల పేరు రాసి రెండూ కలిపి పంపేశాను.

ఆ మర్నాడు నేను షెడ్డు తాళం తీస్తుంటే వన్ టౌన్ పిల్ల నోట్‌బుక్కు పట్టుకుని నిలబడి ఉంది. మామూలుగా నవ్వుతూ ఉండే మొహం ముడుచుకుని ఉంది.

"సార్, టీంలో నా పేరు వేశారంట."

"అవునమ్మా."

"తను పొడి తాగట్లేదని తీసేశారంట."

"అవును. అయితే ఏంటి?"

"తను తాగింది సార్. రోజూ తాగింది. రెండు గ్లాసులూ నేనే కలిపేదాన్ని. తను కలిపితే అడుగున ఉండిపోద్ది, సగం పారబోస్తది, అందుకని నేనే కలిపేదాన్ని. ఇదిగో, తారీకులన్నీ రాశా. నావీ ఉన్నయ్, తనవీ ఉన్నయ్."

పేజీలు తిప్పి చూపించింది. రెండు వరుసలు, రోజుకో టిక్కు. తిప్పుతున్నంతసేపూ నా చెవులు వేడెక్కుతూనే ఉన్నాయి. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "నువ్వు ఊరుకుంటే ఆ చోటు నీదే కదమ్మా, ఎందుకు వచ్చి చెబుతున్నావు?" అన్నాను. ఇంత పెద్దవాణ్ణి, అనాల్సిన మాట కాదది.

"ఎత్తి గెలిస్తే నాదవుద్ది సార్" అంది ఆ పిల్ల. "ఇట్టా వస్తే, మా నాన్న తూకం తక్కువేసి పప్పు అమ్మినట్టు ఉంటది. మా నాన్న అట్టా అమ్మడు."

ఆ మాట విన్నాక నాకు ఆ పిల్ల మీద కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. ఒకే చోటు కోసం పోటీ పడుతున్న పిల్ల, తనకు అనుకోకుండా కలిసొచ్చిన దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టేసింది. నా దగ్గర మెడల్స్ కొట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇలాంటి పిల్లను ఈమెనొక్కదాన్నే చూశాను.

నోట్‌బుక్కు తీసుకుని నేరుగా మేడమ్ దగ్గరికి పోయాను. తాగినా పనిచేయకపోవడం ఏమిటని అడిగాను. ఆవిడ నోట్‌బుక్కు అయిదు నిమిషాలు చూసి, కళ్ళజోడు తీసి, ఒక్క ప్రశ్న వేశారు. "ఈ అమ్మాయి ఏం తినేదండీ?"

చెప్పాను. మెత్తళ్ళు, పులుసు, వేపుడు, రోజుకు మూడు పూటలు. వాసన గొడవ, నేను మాన్పించడం, డబ్బా చేతిలో పెట్టడం అంతా చెప్పాను. చెబుతూ ఉండగానే ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు.

"ఆ రోజు నేను చెప్పింది మీరు విన్లేదు కదూ? చేపల్లోనూ, మాంసంలోనూ ఇదే ఉంటుందని చెప్పాను. కండ తనకు పట్టినంతే దాచుకుంటుందండీ, మిగతాది బయటికి పోతుంది. పప్పన్నం తినే పిల్లకు చోటు ఖాళీగా ఉంది, పొడి పోస్తే నిండింది, ఫలితం కనపడింది. ఈ చేపల పిల్లకు పుట్టినప్పటి నుంచీ నిండే ఉండి ఉంటుంది. నిండిన బిందెలో చెంబుతో నీళ్ళు పోసి, పెరగలేదేంటి అంటున్నారు మీరు. పైగా చేపలు ఆపించారు. అంటే ఒక చేత్తో తీసి ఇంకో చేత్తో ఇచ్చారు. చేపల్లో ఉన్న మిగతా బలం కూడా పోగొట్టారు. ఆ అమ్మాయి వెనక్కి పోకుండా నిలబడిందంటేనే గొప్పండీ."

అందరి ఒంట్లోనూ ఇలాగే జరుగుతుందని చెప్పలేమని, ఎవరికి ఎంత పనిచేస్తుందో వాడి చూస్తేనే తెలుస్తుందని కూడా అన్నారు. నేను ఈసారి చివరిదాకా విన్నాను. ముప్పై ఏళ్ళు డెల్టాలో పిల్లలకు బరువులు నేర్పి, సముద్రం పక్కన పుట్టిన పిల్లకు చేపలు మాన్పించి డబ్బా ఇచ్చిన తెలివి నాది. దానికి తోడు దొంగతనం అంటగట్టాను.

మెస్సులో ఆ పిల్ల ఒక్కతే కూర్చుని అన్నం తింటోంది. పక్కన నిలబడ్డాను. "పొరపాటు జరిగిందమ్మా. జాబితా ఆపమని ఆఫీసుకు ఫోన్ చేశాను. మీ ఇద్దరికీ ట్రయల్ పెడతాను. ఎవరు ఎక్కువ ఎత్తితే వాళ్ళు వెళ్తారు. చేపలు తెప్పించుకో" అన్నాను. "సరేనండి" అంది. ఇంకో ముద్ద కలుపుకుంది. నా తప్పు తీరిపోయిందనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

వార్డెన్ గారిని ఒప్పించడం మాత్రం నా వల్ల కాలేదు. "అంత ప్రేమగా ఉంటే ఆ చేపల డబ్బా మీ షెడ్డులో పెట్టుకోండి" అన్నారు. అలాగే పెట్టుకున్నాను. షెడ్డు మూలన నా బల్ల వెనక మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో మెత్తళ్ళు. క్యారేజీ కూడా నా బల్ల మీదే దిగేది. రిటైరయ్యే రోజు దాకా నా ఫైళ్ళన్నీ చేపల వాసనే. ఆఫీసు నుంచి ఎవరు వచ్చినా గుమ్మంలోనే మాట్లాడి వెళ్ళిపోయేవాళ్ళు. అది ఒక విధంగా కలిసొచ్చింది.

రెండు వారాల తర్వాత ట్రయల్. ఆదివారం పొద్దున, మేడమ్ కూడా వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. ఇద్దరూ బరువు తూగారు. వన్ టౌన్ పిల్ల యాభై అయిదు కేజీల గీతకు అర కేజీ లోపల, అంతే. స్నాచ్‌లో ఆమె అరవై ఆరు ఎత్తింది. దివిసీమ పిల్ల అరవై నాలుగు ఎత్తి, అరవై ఏడుకు బార్ వెనక్కి పడేసుకుంది. క్లీన్ అండ్ జెర్క్‌లో వన్ టౌన్ పిల్ల ఎనభై రెండు. అది ఆమె జీవితంలో అంతకు ముందెన్నడూ ఎత్తని బరువు. మొత్తం నూట నలభై ఎనిమిది. గెలవాలంటే దివిసీమ పిల్ల ఎనభై అయిదు ఎత్తాలి. ఆమె ఎప్పుడూ ఎనభై మూడు దాటలేదు.

మొదటిసారి ఎనభై ఒకటి, తేలిగ్గా. తర్వాత నన్ను అడగకుండా తనే వెళ్ళి ప్లేట్లు మార్చి ఎనభై అయిదు పెట్టుకుంది. ఆ బరువుతో మొదటి ప్రయత్నంలో బార్ భుజాల దాకా వచ్చి, తల మీదికి పోలేదు. ఉన్న మూడు అవకాశాల్లో మిగిలింది ఒక్కటే. ఏదైనా సలహా ఇద్దామని నోరు తెరిచాను. ఆ పిల్ల నా వైపు చూడలేదు. చాక్ రాసుకుంది. వంగింది. బార్ భుజాల మీదికి వచ్చింది. కూర్చుని లేవడానికి ఎంతసేపు పట్టిందో, అంతసేపూ నేను ఊపిరి తీసుకున్నట్టు గుర్తు లేదు. లేచి నిలబడింది. ఒక్క క్షణం ఆగి, పైకి నెట్టి, కాళ్ళు విడదీసి, మళ్ళీ దగ్గరికి తెచ్చి నిలబడింది. చేతులు సూటిగా, కళ్ళు ఎదురుగా. "డౌన్!" అని, బార్ దించమని అరిచింది నేను కాదు, వన్ టౌన్ పిల్ల. బార్ నేలను తాకేలోపే పరుగెత్తుకుంటూ వెళ్ళి ఆమెను వాటేసుకుంది. ఓడిపోయి, ఏడుస్తూ, నవ్వుతూ. మేడమ్ కళ్ళజోడు తుడుచుకున్నారు. నేను కూడా ఏడ్చాను. దాచుకోవాల్సిన పని లేదు.

అందరూ వెళ్ళాక దివిసీమ పిల్ల నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, మీరు ఆఫీసుకు రాసిన కాగితం అక్కడే ఉందంటగా."

"జాబితా మారుస్తున్నానమ్మా. ఆ కాగితం సంగతి నేను ఫోన్‌లో చెబుతాలే. నువ్వు గెలిచావు, ఇక దాన్ని ఎవరు పట్టించుకుంటారు?"

"ఫోన్‌లో చెప్పింది ఫైల్లో ఉండదు కదండీ." ఆ పిల్ల అంత పొడుగ్గా మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను. "అందులో మా ఊరి పేరు రాశారంటండి. మా ఊళ్ళో ఇంకో ముగ్గురాడపిల్లలు బార్ పట్టుకుంటున్నారండి. నన్ను చూసే. రేపు వాళ్ళు ఈ సీటుకు దరఖాస్తు పెడితే, ఆఫీసులో ఆ కాగితం తీస్తారు. ఓహో ఆ ఊరోళ్ళా, ఇచ్చింది బయటికమ్ముకునేవోళ్ళా అంటారు. నేను ఎత్తానని వాళ్ళకు తెలవదు కదండీ. కాగితమే తెలుసుద్ది."

నేను తెల్లకాగితం తీశాను. ఒకసారి పంపిన ఉత్తరాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి మా ఆఫీసులో లేదు. దాని వెనక ఇంకో ఉత్తరం పెట్టాలి. నా మొత్తం సర్వీసులో అంతదాకా నా మీద నేను ఎన్నడూ ఏమీ రాసుకోలేదు. మెల్లగా రాశాను. ఫలానా తేదీన నేను పంపిన ఉత్తరంలో ఈ క్రీడాకారిణి గురించి పొరపాటున తప్పుగా రాశాను, ఆమె ఏ నియమమూ తప్పలేదు, ఆ ఉత్తరాన్ని పరిగణించవద్దు, ఆమె సీటు కొనసాగించగలరు. చదువుకోమని ఆమె చేతికి ఇచ్చాను.

నిలబడే చదివింది. రెండోసారి చదివింది. ఒక మాట మీద వేలు పెట్టింది.

"పొరపాటున అని రాశారండి."

"అవును. పొరపాటే కదమ్మా."

"కాదండి. లెక్క తప్పితే పొరపాటండి. మీరు లెక్క చూళ్ళేదు. నన్ను అడగనూ లేదు. అనుమానపడ్డారు." నా కళ్ళలోకే చూస్తూ, గొంతు పెంచకుండా చెప్పింది. "అనుమానంతో అని రాయండి సార్. అట్టా రాస్తేనే చదివినోళ్ళకు తప్పు ఎవరిదో తెలుసుద్ది."

ఒక్క క్షణం నా పాత కోపం తలెత్తింది. నాకు ఉత్తరం రాయడం నేర్పుతుందా అనిపించింది. అంతలోనే ఆ కోపం దానంతటదే చల్లారిపోయింది. ఎందుకంటే ఆ పిల్ల చెప్పిన దానిలో ఒక్క అక్షరం కూడా తీసేయడానికి లేదు. ఇంకో కాగితం తీసుకుని మొదటి నుంచి మళ్ళీ రాశాను. పొరపాటున అన్న చోట, ఎలాంటి ఆధారమూ లేకుండా అనుమానంతో అని రాసి, కింద సంతకం పెట్టి, హోదా స్టాంపు వేశాను. ఆమె చివరి దాకా చదివి, మడత పడకుండా కవరులో పెట్టింది.

"నేనే ఇచ్చొస్తానండి ఆఫీసులో" అంది. ఆ కవరు రెండు చేతులతో పట్టుకుని ఎండలో బస్ స్టాపు వైపు నడిచి వెళ్ళింది.